ట్రామ్ వస్తోంది, సూదిని దూరం జరపండి

అడిగింది – చెప్పింది

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే సంగతి చుట్టూ తిరిగాయి, భూమి అయస్కాంతం. అందుకని వంటింట్లో చీమలు, ఫ్రిజ్‌లో మంచు వంటి ప్రశ్నలను వచ్చే నెలకు వాయిదా వేశాను. ఎప్పటిలాగే పేర్లు వేయడం లేదు, ఊళ్లు చాలు.

ప్రశ్న: రోజూ మెట్రోలో ఎన్‌జీఆర్ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) స్టేషన్ మీదుగా ఆఫీసుకు వెళ్తాను. భూమి అయస్కాంతాన్ని కొలిచే కేంద్రం ఆ ప్రాంగణంలోనే ఉండేదనీ, మెట్రో మూలంగా చౌటుప్పల్ వెళ్లిపోయిందనీ మా సహోద్యోగి అంటున్నారు. వందేళ్ల కిందట ముంబయిలోనూ ట్రామ్ బండ్ల వల్ల ఇలాగే జరిగిందట. బండి నడిస్తే భూమి అయస్కాంతం మారిపోతుందా? (ఒక పాఠకుడు, హబ్సిగూడ)

జవాబు: భూమి అయస్కాంతానికి మీ మెట్రో సంగతే తెలియదు. దాన్ని కొలిచే సూది మాత్రం మోసపోతుంది. ఈ మోసం నాకు కొంత అనుభవమే కనుక అక్కడి నుంచే మొదలుపెడతాను.

ముప్పై ఒక్క సంవత్సరాలు డిగ్రీ పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పాను. ప్రయోగశాలలో డిఫ్లెక్షన్ మాగ్నెటోమీటర్ ఉండేది. అటూ ఇటూ స్కేలు అతికించిన చెక్క చేతులు, నడుమ గుండ్రటి డబ్బాలో పొట్టి సూది, దానికి అడ్డంగా అల్యూమినియం ముల్లు, ముల్లు కింద అద్దం. ముల్లూ అద్దంలో దాని ప్రతిబింబమూ ఒకదాని మీద ఒకటి పడేలా కన్ను పెట్టి డిగ్రీలు చదవాలి. చివరికి ఏ విలువ రావాలో అందరికీ ముందే తెలుసు. 0.38 × 10⁻⁴ టెస్లా. ఇంటర్లో ఎంపీసీ చదివినవారిని నిద్రలో లేపి అడిగినా చెబుతారు. మన ప్రాంతంలో భూ అయస్కాంత క్షేత్రం నేలకు సమాంతరంగా చూపే బలం అది. విలువ ముందే తెలిసినందువల్ల రీడింగులను వెనక నుంచి వండుకొచ్చేవాళ్లు తరగతిలో సగం మంది.

ఒక ఏడాది మూల బల్ల దగ్గరి పిల్లలకు ఎంతకీ విలువ కుదరలేదు. వండకుండా నిజంగా చూసినవాళ్లు వాళ్లే. నేను వాళ్లనే కోప్పడ్డాను. వారం తర్వాత సంగతి బయటపడింది. గోడకు అవతల, సరిగ్గా ఆ బల్ల వెనుకే, పాత జవాబు పత్రాల కోసం ఇనుప బీరువా ఒకటి తెచ్చి నిలబెట్టారు. సూది పాపం బీరువా చెప్పినట్టు విన్నది. పిల్లలకు క్షమాపణ చెప్పుకొని మార్కులు సరిచేశాను.

బీరువా కదలదు. దాని వల్ల వచ్చే తప్పు ఎప్పుడూ ఒకటే, లెక్కలో తీసేయవచ్చు. ట్రామ్ అలా కాదు. పాతకాలపు విద్యుత్ ట్రామ్‌కు కరెంటు పైతీగ నుంచి దిగి, మోటారు తిప్పి, కింది పట్టాల గుండా వెనక్కి పోవాలి. అది డీసీ, అంటే ఒకే దిక్కుకు పారే కరెంటు. పట్టాలు నేలను తాకుతూనే ఉంటాయి కనుక కొంత కరెంటు దారి తప్పి మట్టిలోకి పోతుంది. కరెంటు పారే ప్రతిచోటా అయస్కాంత క్షేత్రం పుడుతుంది. బండి బయలుదేరితే ఒక రకంగా, ఆగితే ఒక రకంగా, రెండు బండ్లు ఎదురుపడితే ఇంకో రకంగా సూది వణుకుతుంది. సూర్యుడి వల్ల భూమి మీద జరిగే మార్పును పట్టుకుందామని కూర్చున్నవారికి చివరికి దక్కేది ట్రామ్ టైంటేబుల్.

ఇక ముంబయి కథ. దక్షిణపు కొసన కొలాబాలో ఈస్టిండియా కంపెనీవారు 1826లో వేధశాల కట్టించారు. నక్షత్రాలు చూసి ఓడలకు సరైన సమయం చెప్పడం దాని మొదటి పని. అయస్కాంత కొలతలు 1841లో ఆర్లెబార్ అనే ఆచార్యుడి చేతుల మీదుగా మొదలయ్యాయి. అప్పటికి జర్మనీలో గౌస్, వెబర్ అనే శాస్త్రవేత్తలిద్దరూ కలిసి, ప్రపంచమంతా ఒకే పద్ధతిలో భూ అయస్కాంతాన్ని కొలవాలని అందరినీ కూడగడుతున్నారు. కంపెనీవారు మద్రాసు, సిమ్లా, సింగపూర్లలోనూ కేంద్రాలు తెరిచారు. అవన్నీ కొన్నాళ్లకు మూతపడ్డాయి. కొలాబా మాత్రం 1846 నుంచి వరస తెగకుండా సాగింది. 1870ల ఆరంభానికి అక్కడ ఫొటో కాగితం కూడా వచ్చింది. సూదికి అతికించిన బుల్లి అద్దం మీద దీపం వెలుగు పడి, ఆ చుక్క గడియారంతో తిరిగే పీపాకు చుట్టిన కాగితం మీద రాత్రీ పగలూ గీత గీసుకుంటూ పోయేది.

1896లో ఆ వేధశాలకు మొదటి భారతీయ అధిపతి వచ్చారు. నానాభాయ్ అర్దేషిర్ ఫ్రామ్‌జీ మూస్ అనే పార్సీ పెద్దమనిషి, ఎడిన్‌బరోలో చదివి ఎల్ఫిన్‌స్టన్ కళాశాలలో పాఠాలు చెప్పినవారు. ఆయన కుర్చీలో కుదురుకున్న నాలుగేళ్లకే పిడుగు పడింది. 1874 నుంచి బొంబాయి వీధుల్లో గుర్రాలు లాగుతున్న ట్రామ్‌లను కరెంటుతో నడపాలని 1900లో నిర్ణయించారు. దాని పర్యవసానం ఏమిటో మూస్ గారికి ఊహించాల్సిన అవసరం లేదు. కెనడాలో టొరంటో వేధశాల ఇదే ట్రామ్ బాధ పడలేక 1898లో ఊరి బయట అజిన్‌కోర్ట్‌కు తరలింది.

ఆయన ట్రామ్ వద్దనలేదు. నగరానికి బండి కావాలి, అది ఆగదని ఆయనకు తెలుసు. తనకు వేరే చోటు కావాలన్నారు, సర్దుకోవడానికి వ్యవధి కావాలన్నారు. నగరానికి దక్షిణంగా సుమారు 30 కిలోమీటర్ల దూరంలో సముద్రం ఒడ్డున అలీబాగ్ కుదిరింది. ఇక్కడ ఒక చిన్న తిరకాసు ఉంది. అలీబాగ్ ఒడ్డుకు ఎదురుగా నీళ్లలో మరాఠాల కాలపు కోట ఒకటి ఉంది, దాని పేరూ కొలాబాయే. ఆ జిల్లాను కూడా చాలాకాలం కొలాబా జిల్లా అనే పిలిచారు. పాత కాగితాల్లో ‘కొలాబా’ అని కనిపించగానే ఎటువైపు ఒడ్డో ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి. నేను ఒకసారి పప్పులో కాలేశాను.

అలీబాగ్‌లో ఇల్లు కట్టడమే ఒక ప్రయోగం. ఆ ప్రాంతంలో ఎక్కడ తవ్వినా తగిలే నల్లరాయిలో అయస్కాంతపు పలుకులు ఉంటాయి, అది పనికిరాదు. గుజరాత్ తీరంలోని పోర్‌బందర్ నుంచి తెల్లరాయి తెప్పించారు. ఇనుప మేకు, ఇనుప బందు, ఇనుప గడియ ఒక్కటి కూడా పడకుండా ఇత్తడి, రాగి వాడారు. రికార్డు చేసే పరికరాల గదికి జంట గోడలు పెట్టారు. సూది వేడికీ చలికీ కూడా చలిస్తుంది, ఎండ సంగతి లోపలికి తెలియకూడదు.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా నచ్చిన ముక్క. 1904లో అలీబాగ్ పని మొదలుపెట్టింది. కొలాబాను వెంటనే మూయలేదు. 1906 దాకా, రెండేళ్లు, రెండుచోట్లా ఒకే సమయంలో కొలిచారు.

ఎందుకంటే, మా అమ్మ దగ్గర ఒక పాత మానిక ఉండేది. అంచు నొక్కుకుపోయి, అడుగు కొంచెం ఉబ్బింది. అది మార్చి కొత్తది కొన్న రోజున అమ్మ చేసిన మొదటి పని, పాత మానికతో పది మానికల బియ్యం పోసి, వాటినే మళ్లీ కొత్తదానితో కొలవడం. తొమ్మిదిన్నర తేలింది. ఇక ఏ పాత లెక్క చూసినా, అరువిచ్చిన బియ్యం దగ్గర నుంచి గుడిలో ఒప్పుకొన్న మొక్కు దాకా, ఎంతకు ఎంతో ఆమెకు తెలుసు. పాత మానికను ముందే చెత్తలో పారేసి ఉంటే ఆ లెక్కలన్నీ గాలికి పోయేవి. కొలాబా కింద నేల వేరు, అలీబాగ్ కింద నేల వేరు. ఒకే క్షణాన రెండుచోట్ల తీసిన అంకెలు పక్కపక్కన రెండేళ్లు ఉంటే తప్ప, 1846 నాటి అంకెను 1907 నాటి అంకెతో ముడిపెట్టలేం. మూస్ గారు ఆ ముడి వేశారు. 1846 నుంచి 1905 దాకా కొలతలన్నిటినీ చర్చించి, 1910లో రెండు పెద్ద సంపుటాలుగా అచ్చు వేయించారు కూడా.

కరెంటు ట్రామ్ బొంబాయిలో 1907 మే 7న కదిలింది. 1964 మార్చి 31న ఆఖరి ట్రామ్ షెడ్డుకు చేరింది. వేధశాలను ఊరు దాటించిన బండికి యాభై ఏడేళ్లే ఆయుష్షు. అలీబాగ్ ఈ రోజుకీ కొలుస్తూనే ఉంది.

ఇక మీ హైదరాబాద్. ట్రామ్ ఆగిన ఆ 1964లోనే ఎన్‌జీఆర్ఐ ప్రాంగణంలో అయస్కాంత వేధశాల మొదలైంది. అప్పట్లో ఉప్పల్ దారి అంటే పొలాలూ రాళ్లూనూ. తర్వాత ఊరు వచ్చి మీద పడింది. మెట్రో నడిచేది ఏసీ, అంటే క్షణక్షణం దిక్కు మార్చుకునే కరెంటు మీద, కనుక పాత ట్రామ్ చేసిన అల్లరి అంతా ఇది చేయదు. కానీ కొన్ని నిమిషాలకొకసారి అంత ఉక్కు ప్రహరీ పక్కన వచ్చి పోతూ ఉంటే సున్నితమైన పరికరం ఊరుకోదు. విజయవాడ దారిలో చౌటుప్పల్ దగ్గర, జనానికి దూరంగా ఇంకో కేంద్రం పెట్టారు. ‘వెళ్లిపోయింది’ అనకుండా ‘రెండోది పెట్టారు’ అనడం సబబు. రెండుచోట్లా అంకెలు ఉంటే పోల్చుకోవచ్చు. మా అమ్మ మానిక తెలిసింది కదా.

ప్రశ్న: సర్, 1859లో వచ్చిన సౌర తుఫాను చరిత్రలోనే పెద్దదని మా పాఠంలో ఉంది. అప్పుడు ఉపగ్రహాలు, కంప్యూటర్లు లేవు కదా, ఎంత పెద్దదో ఎలా తెలిసింది? (ఇంటర్ రెండో సంవత్సరం విద్యార్థిని, నంద్యాల)

జవాబు: మంచి ప్రశ్న అడిగావమ్మా. సమాధానం మళ్లీ ఆ కొలాబాలోనే ఉంది.

1859 సెప్టెంబరు 1, గురువారం. ఇంగ్లండులో రిచర్డ్ కారింగ్టన్ అనే ఆయన టెలిస్కోపు నుంచి సూర్యబింబాన్ని తెర మీద పడేలా చేసుకొని మచ్చల బొమ్మ గీస్తున్నాడు. ఉదయం 11 గంటల 18 నిమిషాలకు ఒక పెద్ద మచ్చల గుంపు మీద రెండు తెల్లటి మెరుపులు కనిపించి అయిదు నిమిషాల్లో మాయమయ్యాయి. సూర్యుడి నుంచి వెలువడిన ఆవేశిత కణాల మేఘం పదిహేను కోట్ల కిలోమీటర్లు దాటి భూమిని తాకడానికి మామూలుగా రెండు మూడు రోజులు పడుతుంది. ఇది పదిహేడున్నర గంటల్లోనే వచ్చి పడింది. క్యూబాలో, హవాయిలో ఆకాశం ఎర్రబడింది. అమెరికాలో బోస్టన్, పోర్ట్‌లండ్ల మధ్య టెలిగ్రాఫ్ గుమాస్తాలు బ్యాటరీలు విప్పేసి, తీగల్లో దానంతటదే పుట్టిన కరెంటుతో కబుర్లు పంపుకొన్నారు.

అది వింత. కొలత కావాలంటే అంకె కావాలి. ఇంగ్లండులో గ్రీనిచ్, క్యూ వేధశాలల్లో అప్పటికే ఫొటో కాగితం ఉంది. వెలుగు చుక్క కాగితం అంచు దాటి బయటికి పోయింది! గొప్ప పరికరం, సరిగ్గా కావలసిన సమయానికి చేతులెత్తేసింది. బొంబాయిలో ఇంకా పాత పద్ధతే. పట్టుదారానికి వేలాడే అయస్కాంతం, దాని మీద అద్దం, ఎదురుగా టెలిస్కోపు. అద్దంలో కనిపించే స్కేలు మీద అంకెను మనిషి చదివి పుస్తకంలో రాయాలి. మామూలు రోజుల్లో గంటకోసారి. సూది కుదురు తప్పిందని అనుమానం వస్తే పదిహేను నిమిషాలకోసారి, మరీ చెలరేగితే అయిదు నిమిషాలకోసారి.

సెప్టెంబరు 2, శుక్రవారం, బొంబాయిలో ఆఫీసులు తెరిచే వేళ. అంకెలు పడిపోవడం మొదలుపెట్టాయి. నువ్వు వల్లె వేసే 0.38 × 10⁻⁴ ఉంది చూశావా, టెస్లాలో వంద కోట్లో వంతైన నానోటెస్లాల్లో చెబితే అది 38,000. మామూలు రోజున అది మధ్యాహ్నానికి ఓ నలభై యాభై పెరిగి మళ్లీ దిగుతుంది. ఆ రోజు కొద్ది గంటల్లోనే సుమారు 1,600 నానోటెస్లాలు పడిపోయింది, అంటే మొత్తంలో నాలుగు శాతం. దీనికి కొలబద్దగా ఇంకో సంగతి. 1989 మార్చిలో కెనడాలోని క్యూబెక్ రాష్ట్రమంతా తొమ్మిది గంటలు చీకట్లో మునిగిన తుఫానుకు, వేర్వేరు చోట్ల కొలతలు కలిపి తీసే ప్రపంచ సగటు సూచీ 589 నానోటెస్లాలు మాత్రమే పడింది.

గదిలో కూర్చున్న మనిషికి సూర్యుడి మెరుపు సంగతి తెలియదు. పరికరం చెడిపోయిందని అనుకొని లేచి పోయి ఉండవచ్చు, ‘ఈ రోజు సరిగ్గా లేదు’ అని గళ్లు ఖాళీగా వదిలేయవచ్చు, మా తరగతి పిల్లల్లా నిన్నటి అంకెకు దగ్గరగా ఏదో ఒకటి వండి పెట్టవచ్చు. అవేవీ జరగలేదు. టెలిస్కోపులో ఏది కనిపిస్తే అది రాశారు. ఆ పుట 144 ఏళ్లు పుస్తకంలో ఉండిపోయింది. 2003లో అమెరికా శాస్త్రవేత్త బ్రూస్ సురుటాని బృందం, అందులో భారతీయ భూ అయస్కాంత సంస్థకు చెందిన గురుబక్ష్ లఖీనా గారూ ఉన్నారు, దాన్ని బయటికి తీసి లెక్కలు కట్టింది. ఆ 1,600 మొత్తం భూమి చుట్టూ ఏర్పడిన వలయ విద్యుత్తు వల్లనే వచ్చిందా, వేరే ప్రవాహాలు కూడా తోడయ్యాయా అన్న చర్చ ఇంకా ఉంది. గంట సగటు తీస్తే 850 దరిదాపుల్లోకి వస్తుందని కొందరి లెక్క. నువ్వు పరీక్షలో ఏ అంకె రాసినా, అది ఒక్క ఊళ్లో ఒక్క సూది చెప్పిన మాట అని గుర్తుపెట్టుకో.

అన్నట్టు, మూస్ గారు పుట్టింది కూడా ఆ 1859లోనే, తుఫాను తర్వాత రెండు నెలలైనా తిరగకముందు. జాతకాలు చెప్పేవాళ్లకు ఈ ముక్క చెప్పవద్దు.

ప్రశ్న: ఉత్తరం వైపు తల పెట్టి పడుకుంటే భూమి అయస్కాంతం మన రక్తంలోని ఇనుమును లాగుతుందని వాట్సాప్‌లో చదివాను. నిజమేనా? (ఒక గృహిణి, విజయనగరం)

జవాబు: లేదమ్మా. ఒళ్లంతా కలిపి నాలుగు గ్రాముల ఇనుము ఉంటే గొప్ప. అదీ మేకులా ఉండదు, హిమోగ్లోబిన్‌లో కలిసిపోయి ఉంటుంది. మన దగ్గర భూమి మొత్తం క్షేత్రం నలభై మూడు వేల నానోటెస్లాలకు అటూ ఇటూ. ఎంఆర్ఐ యంత్రంలో దానికి ముప్పై అయిదు వేల రెట్లు ఉంటుంది, అందులో పడుకోబెట్టినవారు లేచి నడిచి ఇంటికి వస్తున్నారు. ఉత్తరం తల పెట్టి పడుకొన్న ఏనుగు తల వినాయకుడికి వచ్చిన కథ నాకూ ఇష్టమే. దాన్ని కథగానే ఉంచుదాం, అయస్కాంతాన్ని అందులోకి లాగవద్దు. నేను పడమటి వైపు తల పెట్టి పడుకుంటాను. ఫ్యాను గాలి అటే తగులుతుంది.

ప్రశ్న: ఉపగ్రహాలు ఉండగా ఇంకా ఈ పాతకాలపు వేధశాలలు ఎందుకు? మన తెలుగు నేల మీద ఇంకెక్కడైనా ఉన్నాయా? చూడనిస్తారా? (విశ్రాంత ఉద్యోగి, విశాఖపట్నం)

జవాబు: మీ ఊళ్లోనే ఉందండీ. భారతీయ భూ అయస్కాంత సంస్థ నడిపే కేంద్రాల్లో విశాఖ ఒకటి. 1971లో వాతావరణ శాఖ నుంచి విడివడి ఏర్పడిన సంస్థ అది. అలీబాగ్ దాని చేతిలోదే. హైదరాబాద్, చౌటుప్పల్ మాత్రం ఎన్‌జీఆర్ఐవారివి.

ఉపగ్రహం గంటకు వేల కిలోమీటర్లు పరుగెడుతుంది. అది చూపిన తేడా చోటు మారినందుకు వచ్చిందో, కాలం మారినందుకు వచ్చిందో విడదీయాలంటే, కింద కదలకుండా ఒకచోట కూర్చొని చూసేవారు కావాలి. 1840ల నుంచి ఇప్పటికి భూమి అయస్కాంతపు ప్రధాన బలం తొమ్మిది శాతం దాకా తగ్గిందన్న లెక్క ఇలా కూర్చున్నవారి పుస్తకాల్లోంచే వచ్చింది.

ఇంకో చమత్కారం. సెకనుకొక అంకె రాసే ఎలక్ట్రానిక్ పరికరాలు వచ్చాయి కానీ, అవి మార్పును మాత్రమే నమ్మకంగా చెబుతాయి, అసలు విలువ దగ్గర మెల్లగా జారిపోతుంటాయి. వాటిని సరిదిద్దడానికి మనిషి స్వయంగా వెళ్లాలి. రాతి దిమ్మె మీద ఇనుము లేని థియోడలైట్ (కోణాలు కొలిచే టెలిస్కోపు పరికరం) పెట్టి, కిటికీలోంచి దూరంగా నాటిన గుర్తును చూసి దిక్కు సరిచేసుకొని, దాని సెన్సర్‌ను అటూ ఇటూ తిప్పుతూ క్షేత్రం ఎంత పక్కకు తిరిగింది, ఎంత కిందికి వాలింది చదివి రాసుకోవాలి. వారానికి ఒకటి రెండుసార్లైనా ఈ పని తప్పదు, 2026లో కూడా.

చూడనిస్తారా అంటే, ముందుగా ఉత్తరం రాసి అనుమతి తెచ్చుకోండి. నేను పిల్లలను తీసుకొని అలీబాగ్ వెళ్లాను. ముంబయి గేట్‌వే దగ్గర పడవ ఎక్కి మాండ్వాలో దిగి, అక్కడి నుంచి బస్సు. థియోడలైట్ గది ముందు అందరమూ నిలబడి తాళంచెవులు, బెల్టులు, ఫోన్లు, జేబుల్లో చిల్లర, ఒక అమ్మాయి జడపిన్నులు, అన్నీ ఒక బుట్టలో వేశాం. నేను అందరికన్నా ముందు తయారై నిలబడ్డాను. అక్కడి ఉద్యోగి నన్ను పైనుంచి కిందిదాకా చూసి, ఎంతో మర్యాదగా, “కళ్లజోడు కూడా సర్” అన్నారు. ఉక్కు ఫ్రేము. తీసి బుట్టలో వేశాను. లోపలికి వెళ్లి టెలిస్కోపుకు కన్ను ఆనించాను. స్కేలు ఉంది, గీతలు ఉన్నాయి, అంకె ఒక్కటీ కనిపించలేదు. వెనక నిలబడ్డ కుర్రవాడు చదివి చెబితే నోటుపుస్తకంలో రాసుకొన్నాను.